ఆందోలు నుంచి ఉస్మానియాకు

నారాయణఖేడు నుంచి హైదరాబాదు నగరానికి వచ్చే బాట జోగిపేట, సంగారెడ్డి మీదుగా సాగుతుంది. జోగిపేటను ఆనుకొనియే ఆందోలు ఉన్నది. మంజీరా నదికి అటూ ఇటూ పరచుకొన్న సీమ ఇది. జొన్న, కంది పండే పల్లెలు, ఒకే అంగడిలో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ చెవిని పడే నేల. నారాయణఖేడు తాలూకా నిజాము కాలంలో బీదరు జిల్లాలోనిది; 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆంధ్రప్రదేశములో చేరినది. ఆందోలు మెదకు జిల్లాలోనిది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడిన తరువాత రెండూ ఆ జిల్లా ఊళ్లయినవి. మంజీర నీరు గొట్టాల వెంట నగరానికి పోవడం 1960ల నాటి మాట. ఆ సీమ పిల్లలు చదువును వెదకికొంటూ నగరానికి పోవడం మాత్రం అంతకు చాల ముందే మొదలైనది.

అట్లా పోయినవారిలో ఒకరి పేరు ఉర్దూ కవిత్వంలోనూ, తెలంగాణ ప్రజోద్యమ చరిత్రలోనూ సమానంగా నిలిచినది. ఆయన మఖ్దూం మొహియుద్దీన్. ఆయన జీవితాన్ని చెప్పబూనినవారు పోరాటాన్ని, అజ్ఞాతవాసాన్ని, చెరసాలను, శాసనసభను, ముషాయిరాలను విస్తరించి చెప్పుతారు. 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయం గడప తొక్కిన నాటి నిరుపేద యువకుణ్ణి గురించి రెండు వాక్యాలు చెప్పి ముందుకు సాగిపోతారు. అది న్యాయంగా తోచదు. మనిషి ఎట్లాంటివాడో తేటపడేది అతడు గెలిచిన చోట కాదు. ఎవరూ తెలియని ఊరిలో, చేతిలో కాసు లేక నిలిచిన తొలి దినాలలో. మఖ్దూం విషయంలో ఆ దినాలు ఒక మసీదు నేలమీద గడిచినవి.

అబూ సయీద్ మహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ అనేది ఆయన పూర్తి పేరు. 1908 ఫిబ్రవరి 4వ తేదీన ఆందోలులో జన్మించినారు. తండ్రి గౌస్ మొహియుద్దీన్ నిజాము ప్రభుత్వంలో చిన్న ఉద్యోగి. బిడ్డకు ఊహ తెలియవచ్చే వేళకే, అయిదారేండ్ల ప్రాయంలో, ఆ తండ్రి గతించినారు. తల్లి పునర్వివాహం చేసికొని వేరొక ఇంటికి వెళ్లిపోయినది. బాలుడు పినతండ్రి బషీరుద్దీన్ పంచన పెరిగినాడు. తల్లి కూడ చనిపోయినదనే నమ్మకంతోనే ఆ పిల్లవాడు పెరిగినాడు. ఆమె బ్రతికియే ఉన్నదన్న సంగతి ఎన్నో యేండ్ల తరువాత గాని అతనికి తెలియలేదు. పెద్దలు ఆ రహస్యాన్ని ఎందుకు దాచినారో ఊహించడం కష్టం కాదు. పరువు పేరిట పిల్లల దగ్గర సత్యాన్ని దాచడం మన ఇండ్లలో నిన్నా మొన్నటిది కాదు.

పినతండ్రి భక్తిపరుడు, క్రమశిక్షణ గల మనిషి. ఇంటి బాలుడు మసీదు ఊడ్చవలెను, నీళ్లు తోడి పోయవలెను, అయిదు వేళలా నమాజుకు నిలువవలెను. మఖ్దూం ఇవన్నీ చేసినాడు. ఆ ఇంటిలోనే మరొక విత్తనం కూడ అతని చెవిలో పడినది. 1917లో రష్యా దేశంలో జారు చక్రవర్తి పతనమైనప్పుడు బాలునికి తొమ్మిదేండ్లు. అక్కడ రాజును దింపివేసినారనీ, ఇక ఆ దేశంలో గొప్పవాడూ పేదవాడూ ఒకే దస్తర్ఖాను ముందు కూర్చుండి భుజిస్తారనీ పినతండ్రి పిల్లవానికి వివరించినారు. భోజనాల వేళ నేలమీద పరచే గుడ్డ దస్తర్ఖాను. ముస్లిం ఇండ్లలో అది కేవలం గుడ్డ కాదు. ఎవరికి ఎక్కడ చోటు అన్నది అక్కడే తేలిపోతుంది. తండ్రి లేని పిల్లవానికి ఆ కథ ఎట్లా వినిపించి ఉంటుందో చెప్పనక్కరలేదు.

మెట్రిక్యులేషను గట్టెక్కి విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి మఖ్దూంకు ఇరువదియొక్క యేండ్లు నిండినవి. కలిగినవారి పిల్లలు ఆ వయస్సుకు పట్టా చేతబట్టుకొని ఉద్యోగాల వేటలో ఉంటారు. ఇతడు అప్పుడే ఇంటర్మీడియెటు తరగతిలో కూర్చున్నాడు. ఆలస్యంగా వచ్చినవాని సిగ్గు ఒకటి, పేదవాని సిగ్గు ఒకటి, రెండూ తోడైనవి.

ఆనాటి ఉస్మానియాను గురించి కొంత చెప్పుకొనవలసి ఉన్నది. నేడు ఆ పేరు వినగానే ఆర్ట్సు కళాశాల రాతి కట్టడం కండ్ల ముందు నిలుస్తుంది. 1929లో ఆ కట్టడం లేదు. దానికి శంకుస్థాపన జరిగినది 1934లో. ప్రారంభమైనది 1939 డిసెంబరులో. 1917లో ఏడవ నిజాము ఫర్మానాతో స్థాపితమై, 1919లో తరగతులు ప్రారంభించిన ఆ విద్యాపీఠం మొదటి దశాబ్దమంతా నగరం నడిబొడ్డున గన్‌ఫౌండ్రీ పరిసరాల అద్దె భవనాలలోనే నడిచినది. భవనాలు అద్దెవేగాని సంకల్పం మాత్రం అద్దెకు తెచ్చినది కాదు. దేశమంతటా ఉన్నత విద్య ఆంగ్లంలో సాగుతున్న కాలంలో ఇక్కడ రసాయన శాస్త్రం మొదలు న్యాయశాస్త్రం దాక ఉర్దూలో బోధించినారు. అందుకు అవసరమైన గ్రంథాలను సిద్ధం చేయడానికి దారుల్‌తర్జుమా అనే అనువాద శాఖ పనిచేసినది. పండితులు కూర్చుండి ఒక్కొక్క పారిభాషిక పదానికి అరబ్బీ, పారసీకాల నుంచి మాట పుట్టించినారు. ఆంగ్లం మాత్రం నిర్బంధ పాఠ్యాంశంగా అందరికీ ఉండినది.

ఈ ఏర్పాటులో ఒక వైపు వెలుగు, మరొక వైపు నీడ. సంస్థాన ప్రజలలో అధిక సంఖ్యాకుల మాతృభాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం. నారాయణఖేడు వంటి తాలూకా నుంచి వచ్చిన తెలుగు బాలుడు ఇంటిలో ఒక భాష, అంగడిలో మూడు భాషలు, బడిలో మరొక భాష మోసికొంటూ వచ్చినవాడు. తరగతిలో చెప్పినదాన్ని మొదట తన భాషలోనికి తిప్పుకొని, ఆ తరువాత జవాబును తిరిగి ఉర్దూలోనికి తిప్పి వ్రాయవలసిన దుస్థితి అతనిది. అట్లాంటి పిల్లలకు నగరంలో కొన్ని నీడలు ఏర్పడినవి. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం తెలుగు అక్షరాన్ని చూపించేది. కొత్వాలు వెంకటరామారెడ్డి పూనికతో 1918లో ఏర్పడిన రెడ్డి విద్యార్థి వసతిగృహం తలదాచుకొనే చోటును, తోటివారి ఆదరువును ఇచ్చేది. దానికి కార్యదర్శిగా పనిచేసిన సురవరం ప్రతాపరెడ్డి అక్కడ గొప్ప గ్రంథాలయాన్ని సమకూర్చినారు. విశ్వవిద్యాలయంలోనే తెలుగు శాఖను రాయప్రోలు సుబ్బారావు నడిపినారు. పల్లెనుంచి వచ్చిన పిల్లవానికి మొదటి ఏడు గట్టెక్కడానికి పాఠాలకంటె ఈ నీడలే ఎక్కువగా ఉపకరించినవనుట అతిశయోక్తి కాదు. అయినా అందరికీ ఆ అదృష్టం చివరిదాక నిలువలేదు. 1938 నవంబరులో వసతిగృహాలలో వందేమాతర గీతం పాడినందుకు వందల మంది విద్యార్థులు బహిష్కృతులైనారు. పెక్కుమంది నాగపురం చేరి చదువు కొనసాగించినారు. అది మఖ్దూం విద్యాపీఠం విడిచిన తరువాతి సంగతి.

మఖ్దూం చిక్కు వేరు. భాష అతనిదే. బోధన జరిగేది తల్లి ఒడిలో నేర్చిన పలుకులలోనే. తెలుగు బాలునికి కూడు ఇంటినుంచి కొంతైనా వచ్చేది, భాష రాలేదు. ఇతనికి భాష ఉన్నది, కూడు లేదు. ఏది పెద్ద కష్టమో తూచడం ఎవరి తరమూ కాదుగాని, తన భాషలో చదువుకొన్నవాడు సుఖంగా చదువుకొన్నాడని అనుకొనేవారికి ఈ యువకుని తొలి సంవత్సరం ఒక సమాధానం.

నగరంలో ఉండడానికి చోటు లేదు. మొదటి దినాలలో రాత్రులు మసీదులో పడుకొన్నాడు. చిన్ననాడు మసీదు ఊడ్చిన చేతులకు అది పరాయి చోటు కాదు. పెద్ద నగరంలో అడుగుపెట్టిన పల్లె పిల్లవాడు తెలిసిన వస్తువు కొరకు తడుముకొంటాడు; ఒకనికి అది కులపువాళ్ల ఇల్లు, ఒకనికి తాలూకా మనిషి నడిపే హోటలు. ఇతనికి తెలిసినది మసీదు ముంగిలి, నీళ్లతొట్టి, తెల్లవారుజామున వినవచ్చే అజాను. ఆందోలులో ఏ నియమం భారమై ఉండెనో, హైదరాబాదులో అదే గూడు అయినది. తెల్లవారక ముందే లేవడం, చన్నీళ్లు, కటిక నేల, ఇవన్నీ పినతండ్రి ఇంటి శిక్షణలోనివే. ఆ పెద్దమనిషి తన కొడుకువంటివానిని ధర్మపరునిగా తీర్చిదిద్దాలని ఆ అలవాట్లు నేర్పినాడు. అవి పేద విద్యార్థిని బ్రతికించడానికి పనికివచ్చినవి.

ఇక తిండి. వేళకు రెండు పూటలా అన్నం తిన్న దినాలు ఆ కాలంలో తక్కువ. ఏదో ఒక పని వెదకికొనవలసి వచ్చినది. పిల్లలకు పాఠాలు చెప్పినాడు. సినిమా తారల బొమ్మలు అమ్మినాడు. అది మూగచిత్రాల కాలం. మన దేశపు తొలి టాకీ ఇంకా రాలేదు, 1931లో వచ్చినది. పలుకలేని తారల చిత్రాలను వీధిలో అమ్మి పొట్ట పోసికొన్న ఈ యువకుని గీతాలే ముప్పది యేండ్ల తరువాత వెండితెర మీద వినిపించినవి. 1960లో ఒక చిత్రం, 1964లో మరొకటి ఆయన పాటలను తీసికొన్నవి; ఆయన గతించిన తరువాత 1982లో 'బజార్' చిత్రంలో ఆయన గజలు దేశమంతటా మారుమ్రోగినది. ఆనాడు బొమ్మలు కొన్నవారికి ఈ సంగతి తెలిస్తే ఎంత వింతపడేవారో!

పగలు తరగతి గదిలో కూర్చున్నప్పుడు పక్కవాని బట్టలు, చెప్పులు, పుస్తకాలు ఇతనికి కనిపించకపోలేదు. నగరపు కళాశాలలో జాగీర్దారుల కొడుకులు, పెద్ద ఉద్యోగుల కొడుకులు ఉండేవారు. సమయానికి ఫీజు కట్టగలవారి మధ్య ఫీజు కొరకు ట్యూషన్లు చెప్పేవాడు కూర్చుంటే, వానికి రెండు దారులు. ఒకటి, తలవంచుకొని ఎవరి కంటా పడకుండ మూలన కూర్చుండటం. రెండవది, నలుగురినీ నవ్వించి ఆ నలుగురిలో చోటు సంపాదించటం. మఖ్దూం రెండవ దారి పట్టినాడు. ఆకలిని ఆయన దాచలేదు, దాన్ని చాటుకొని జాలినీ కోరలేదు. హాస్యంగా మార్చినాడు. ఇది సహజ గుణమా, అవసరం నేర్పిన విద్యా అంటే, రెండూ అనవలసి ఉంటుంది. తల్లిదండ్రులు లేని ఇంటిలో పెరిగిన పిల్లవాడు ఎదుటివారి ముఖం చదవడం ముందుగానే నేర్చుకొంటాడు.

ఆ తొలి సంవత్సరంలోనే, ఇతడు నగరంలో తంటాలు పడుతున్న వేళ, ఇతని సొంత గడ్డ మీద ఒక పెద్ద ఘటన జరిగినది. 1930 మార్చిలో జోగిపేటలో ప్రథమ నిజామాంధ్ర మహాసభ సమావేశమైనది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. తెలుగువారి బడులు, గ్రంథాలయాలు, స్త్రీల స్థితి, రైతుల బాధలు ఆ సభలో చర్చకు వచ్చినవి. తెలుగు భాషకు చోటు కావలెనని జోగిపేటలో పెద్దలు కోరుతున్నారు. జోగిపేట పక్క ఊరి యువకుడు నగరంలో ఉర్దూలో పాఠాలు వింటూ కడుపుకు చోటు వెదకుతున్నాడు. ఆ రెండు ధారలూ అప్పటికి ఒకదాని నొకటి ఎరుగవు. అవి కలిసికొనడానికి మరి పదియేండ్లు పట్టినది.

క్రమంగా మఖ్దూం విద్యార్థి వసతిగృహం చేరినాడు. అక్కడ ఆయన జాతకం మారినది. మసీదులో పడుకొన్న ఒంటరివాడు హాస్టలు గుంపుకు కేంద్రమైనాడు. నటన, పాట, అనుకరణ, ఆశుకవిత్వం, అన్నిటిలో ముందు. హాస్టలు అన్నది నిజానికి ఒక పెద్ద దస్తర్ఖాను. అక్కడ నవాబు కొడుకూ గుమాస్తా కొడుకూ ఒకే వంట తిని, ఒకే వంటవానిని తిట్టుకొంటారు. చిన్ననాడు పినతండ్రి చెప్పిన దూరదేశపు కథకు తొలి నమూనా మఖ్దూంకు అక్కడే దొరికి ఉండవలెను.

1933లో ఆయన పేరును నగరమంతా చాటిన రచన కూడ హాస్టలు వేళాకోళంలోనే పుట్టినది. 'పీలా దుశాలా', అనగా పసుపు వన్నె శాలువ. తోటి విద్యార్థి శాలువ మీద సరదాగా అల్లిన హాస్యగీతం. విద్యార్థులు దాన్ని గుంపులుగా పాడుకొన్నారు. హాస్టలు గోడలు దాటి అది వీధులలోనికి వచ్చినది. ఉర్దూ కవితా చరిత్రలో దానికి పెద్ద పీట వేయనక్కరలేదు. విమర్శకులు దాన్ని పక్కన పెట్టి, ప్రణయభావం నిండిన 'తూర్' వంటి తొలి గీతాలతోనే ఆయన కవిత్వాన్ని లెక్కపెట్టినా తప్పు కాదు. అయితే ఒకటి గమనింపదగినది. కప్పుకొనే బట్టకే కరువుపడి వచ్చినవాడు తోటివాని శాలువ మీద ఈర్ష్య పడవచ్చును, పరిహాసంతో విషం చిమ్మవచ్చును. ఈ గీతం మాత్రం శాలువ యజమానితో సహా అందరినీ నవ్వించినది. నాలుగేండ్లలో ఆయన ఆ స్థితికి ఎదిగినాడు.

మరొక మెట్టు నాటకం. బెర్నార్డ్ షా వ్రాసిన 'విడోయర్స్ హౌసెస్' నాటకాన్ని మిత్రుడు మీర్ హసన్‌తో కలిసి 'హోష్ కే నాఖూన్' పేరిట ఉర్దూలోనికి తెచ్చినారు. పేదలుండే మురికివాడల అద్దెలతో పెద్దమనుషులు ఎట్లా సంపన్నులవుతారో చెప్పే నాటకం అది. నగరంలో తలదాచుకొనే చోటు లేక రాత్రులు గడిపినవాని చేతికి షా నాటకాలన్నింటిలో ఇదే చిక్కడం యాదృచ్ఛికమని అనుకొనలేము. పైగా, ఆంగ్లం నిర్బంధ పాఠ్యాంశంగా మాత్రమే నేర్చిన విద్యార్థి అయిదేండ్లకు షాను తన భాషలో మాట్లాడించినాడంటే, ఆ అయిదేండ్ల కృషి ఎంతటిదో తెలుస్తుంది. 1935లో రవీంద్రనాథ ఠాకూరు కవిత్వాన్ని గురించి ఉర్దూలో ఒక గ్రంథం కూడ ప్రకటించినారు.

1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పట్టాలు లభించినవి. పట్టా చేతికి వచ్చినంత మాత్రాన కష్టాలు తీరలేదు. కొంతకాలం ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినారు. 1939లో సిటీ కళాశాలలో ఉర్దూ అధ్యాపకులైనారు. ఇప్పుడు ఆయన బల్లకు ఇటువైపు నిలిచినారు. అటువైపు కూర్చున్నవారు జిల్లాల నుంచి వచ్చిన కొత్త విద్యార్థులు. ఆ ఉద్యోగం ఆయనను ఎక్కువ కాలం పట్టి ఉంచలేదు. ఆ యేటనే నగరపు యువకులు కొందరు కామ్రేడ్స్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకొన్నారు. రాజబహదూర్ గౌర్ మొదలైనవారు ఆయన సహచరులు. త్వరలోనే మఖ్దూం కమ్యూనిస్టు పార్టీలో చేరి, అధ్యాపక పదవిని వదలి, కార్మికుల మధ్యకు వెళ్లిపోయినారు. స్థిరమైన జీతం కొరకు పదియేండ్లు తపించినవాడు అది చేతికి వచ్చిన రెండు మూడేండ్లకే వదలివేయడం లోకులకు వెర్రిగా కనిపించి ఉంటుంది. ఆకలికి ఒకసారి అలవాటుపడినవానికి దాని భయం ఉండదు కాబోలు.

తరువాతి చరిత్ర ఎక్కువమందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెప్పుకొనవచ్చును. 1944లో తొలి కవితా సంపుటి 'సుర్ఖ్ సవేరా' వెలువడినది. ఎర్రని ఉదయమని అర్థం. 1945లో అభ్యుదయ రచయితల ఉర్దూ మహాసభ హైదరాబాదులో జరిగినది. 1946 నాటికి సంస్థానమంతటి కార్మిక సంఘాల సమాఖ్యకు ఆయన నాయకుడు.

జోగిపేట ధార, ఉస్మానియా ధార కలిసిన చోటు ఇక్కడ ఉన్నది. ఆంధ్ర మహాసభ ఈలోగా పెద్దల చేతులలోనుంచి యువకుల చేతులలోనికి వచ్చినది. రెడ్డి వసతిగృహంలో ఉండి చదువుకొన్న రావి నారాయణరెడ్డి దానికి నాయకులైనారు. ఆయన కూడ మఖ్దూం పుట్టిన 1908లోనే పుట్టినవారు. 1947 సెప్టెంబరు 11న నిజాము పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ప్రకటన మీద మూడు సంతకాలున్నవి: రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. తెలుగు వసతిగృహపు విద్యార్థి, ఉర్దూ వసతిగృహపు విద్యార్థి ఒకే కాగితం మీద చేవ్రాలు చేసినారు. ఏ నిజాము పేరిట విశ్వవిద్యాలయం వెలసినదో ఆ నిజాము గద్దెను కదల్చడానికి దాని పట్టభద్రుడే పూనుకొన్నాడని కొందరు ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణలో పస లేదు. చదువు చెప్పించినవానికి జీవితమంతా తలవంచి ఉండవలెనంటే, అది చదువు కాదు, వెట్టి.

ఆ పోరాటం రెండు అంచుల కత్తి. పోలీసు చర్య తరువాత కూడ అది సాగవలెనా, ఆగవలెనా అన్న విషయంలో ఆనాడే నాయకులలో భేదాభిప్రాయాలు వచ్చినవి. మఖ్దూం అజ్ఞాతవాసం చేసి, 1951లో పట్టుబడి, చెరసాలలో 'ఖైద్' అనే కవిత వ్రాసినారు. 1952లో హుజూర్‌నగరు ప్రజలు ఆయనను హైదరాబాదు శాసనసభకు పంపినారు. తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో సభ్యులుగా, ప్రతిపక్ష నాయకులుగా ఉన్నారు. కవిత్వం ఈ నడుమ పలుచబడినా ఎండిపోలేదు. 1961లో 'గులె తర్', 1966లో 'బిసాతె రఖ్స్' వెలువడినవి. తొలి సంపుటిలోని గర్జన తరువాతి వానిలో తగ్గి, మాట మరింత మెత్తబడినది, మరింత లోతు తెచ్చుకొన్నది. నినాదాన్ని మెచ్చేవారు మొదటిదాన్ని, కవిత్వాన్ని మెచ్చేవారు తరువాతివాటిని ఎన్నుకొంటారు. రెండవ వర్గంవారి ఎంపికే నిలుస్తుందనిపిస్తుంది.

తెలంగాణ పల్లెపడుచును గురించి ఆయన వ్రాసిన గీతం ఒకటి ఉన్నది. పొలం గట్ల మీద నడిచే తెలుగు పడుచును ఉర్దూ కవితలోనికి గౌరవంతో తెచ్చినది అది. ఉర్దూ గజలు నాయిక చాలకాలం మేడలలో, మధుశాలలలో సంచరించినది. ఆమెను జొన్నచేను దగ్గరకు నడిపించుకొని వచ్చిన కవికి ఆందోలు పొలాలు తెలుసు. నగరం ఎన్ని నేర్పినా ఆ నడకను అది నేర్పలేదు.

తల్లి సంగతి. ఆమె బ్రతికియే ఉన్నదని తెలిసిన తరువాత మఖ్దూం ఆమెను వెదకి తన ఇంటికి తెచ్చుకొన్నారు. ఇన్నాళ్లు తనను విడిచిపెట్టినదన్న మాట ఆయన నోట వచ్చినట్లు ఎవరూ చెప్పరు. మసీదు నేల మీద పడుకొన్న రాత్రులలో ఆ యువకుడు తనకెవరూ లేరనే అనుకొన్నాడు. అదే రాష్ట్రంలో, అదే ఆకాశం క్రింద, కన్నతల్లి ఉండనే ఉన్నది.

మిత్రులు చుట్టూ ఉంటేనే ఆయనకు ఊపిరి ఆడేది. ముషాయిరా ముగిసినా మజిలిసు ముగిసేది కాదు. ఇరానీ హోటలు బల్ల దగ్గర చాయి కప్పుల నడుమ అది సాగుతూనే ఉండేది. ప్రతిపక్ష నాయకుడు, కార్మిక నాయకుడు, దేశమెరిగిన కవి ఒక్కరే అక్కడ కూర్చుండి పరిహాసాలాడుతూ ఉంటే, 1933 నాటి హాస్టలు గది చూసినవారికి తేడా తెలియదు. ఒంటరిగా భుజించడం ఆయనకు రుచించేది కాదని ఆయనను ఎరిగినవారు తలచుకొనేవారు.

1969 ఆగస్టు 25వ తేదీన ఢిల్లీలో గుండెపోటుతో మఖ్దూం మరణించినారు. జోగిపేట సభాధ్యక్షులు ప్రతాపరెడ్డి పదునారేండ్లకు ముందు, 1953లో, గతించినది కూడ ఆగస్టు 25ననే. 'బిసాతె రఖ్స్' సంపుటికి 1969 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. ఫైజ్ అహ్మద్ ఫైజ్ మఖ్దూం గజలును తలచుకొంటూ అదే వరుసలో ఒక గజలు వ్రాసి ఆయన స్మృతికి అర్పించినారు. భౌతిక కాయాన్ని హైదరాబాదుకు తెచ్చి షా ఖామోష్ దర్గా ఆవరణలో ఖననం చేసినారు.